సింబల్ అంటే ఏమిటి? ఎన్ని రకాలు? పిల్లలకు ఎలా చెప్పాలి?

పెరంబూర్ టీచరమ్మ

అందరికీ నమస్కారం. పెరంబూరులో ఆదివారం పూట తెలుగు పిల్లలకు క్లాసు చెబుతున్నాను. ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బళ్లో ఇంగ్లీషు. వచ్చే నెల ఒక క్లాసు మొత్తం 'సింబల్' మీద పెడదామనుకుంటున్నాను. ఈ మాట వాళ్ల నోట రోజూ వినిపిస్తుంది. లెక్కల్లో ప్లస్ సింబల్, కెమిస్ట్రీలో సోడియం సింబల్, ఎన్నికలొస్తే పార్టీ సింబల్, బిస్కట్ ప్యాకెట్ మీద వెజ్ సింబల్, ఫోన్లో బ్లూటూత్ సింబల్. అన్నిటికీ ఒకటే మాట వాడేస్తారు.

ఇవన్నీ ఒకే రకమేనా? సైన్, సింబల్, లోగో, మార్క్ వీటి మధ్య తేడా ఎలా చెప్పాలి? నెట్‌లో దొరికే బొమ్మల చార్టులు నాకు వద్దు. మీ మీ పనుల్లో రోజూ కనిపించే గుర్తుల గురించి చెప్పండి. ఆ గుర్తు ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు, తెలియకపోతే ఏం నష్టం, ఇవి కావాలి నాకు.

లెక్కల మాస్టారు

అమ్మా, మంచి పని మొదలుపెట్టారు. లెక్కల నుంచే ఎత్తుకోండి. ప్లస్సూ మైనస్సూ ఆదినుంచీ ఉన్నాయని పిల్లలు అనుకుంటారు. అచ్చులో అవి కనిపించింది 1489లో, జర్మనీలోని లైప్‌జిగ్‌లో యోహానెస్ విడ్మన్ రాసిన వ్యాపార లెక్కల పుస్తకంలో. సమానం గుర్తు ఇంకా తర్వాతిది. వేల్స్‌కు చెందిన రాబర్ట్ రికార్డ్ 1557లో మొదటిసారి వాడాడు. 'దీనికి సమానం' అని మాటిమాటికీ రాయలేక రెండు సమాంతర గీతలు గీశాడు. ఒకే పొడవున్న రెండు సమాంతర గీతల కన్నా సమానమైనవి ఇంకేమీ ఉండవని కారణం కూడా చెప్పాడు. అప్పట్లో ఆ గీతలు ఇప్పటికన్నా బాగా పొడుగ్గా ఉండేవి.

గుణకారానికి అడ్డదిడ్డం గీతలు 1631లో ఆట్రెడ్ పెట్టాడు. లైబ్నిజ్‌కు అది నచ్చలేదు. బీజగణితంలో ఎక్స్ అనే అక్షరంతో కలిసిపోతుందని ఆయన చుక్క వాడాడు. మా తొమ్మిదో తరగతి పిల్లలు ఇవాళ్టికీ అక్కడే తికమకపడతారు. భాగహారం గుర్తు ÷ సంగతి ఇంకా బాగుంటుంది. 1659లో యోహాన్ రాన్ దాన్ని భాగహారానికి వాడాడు. అదే గుర్తును స్కాండినేవియా దేశాల్లో చాలాకాలం తీసివేతకు వాడారు. ఒకే గీత, ఒకే చుక్కలు, ఊరు మారితే లెక్క మారిపోయింది. పిల్లలకు ఈ ఒక్కటి చెప్పండి చాలు, గుర్తులో అర్థం దానంతటదే ఉండదని వాళ్లకే తెలుస్తుంది.

మెరీనా ఎంఏ

టీచరుగారూ, మీరు అడిగిన తేడా గురించి చెబుతాను. నేను భాషాశాస్త్రం చదివాను, మాకు ఇది మొదటి సెమిస్టర్ పాఠం. అమెరికా తత్త్వవేత్త చార్ల్స్ పర్స్ (1839–1914) గుర్తుల్ని మూడు రకాలుగా విడదీశాడు.

ఒకటి పోలికతో పనిచేసేది, ఐకాన్. ఫోన్లో కెమెరా బొమ్మ కెమెరాలాగే ఉంటుంది, ఎవరూ నేర్పక్కర్లేదు. రెండోది సంబంధంతో పనిచేసేది, ఇండెక్స్. పొగ ఉంటే నిప్పు ఉన్నట్టు, ఒళ్లు కాలితే జ్వరం ఉన్నట్టు. మూడోది ఒప్పందంతో పనిచేసేది. దానికే ఆయన సింబల్ అని పేరు పెట్టాడు. ప్లస్ గుర్తుకీ కలపడానికీ పోలిక లేదు, కారణమూ లేదు. మనందరం ఒప్పుకున్నాం కాబట్టి అది కూడిక. మన అక్షరాలూ అంతే. 'క' అనే గీతలో క అనే శబ్దం ఎక్కడా లేదు.

సైన్ అన్నది ఈ మూడింటినీ కలిపిన పెద్ద మాట. అందుకే మబ్బు పట్టడం వానకు సైన్ అంటాం, సింబల్ అనం. లోగో అంటే ఒక సంస్థ తన కోసం గీయించుకున్నది. మార్క్ అంటే ఒక వస్తువు మీద వేసే ముద్ర, ఎవరో పరీక్షించి ఒప్పుకున్నారని చెప్పేది.

కాకపోతే వాడుకలో ఇంత కచ్చితంగా ఎవరూ పాటించరు. రోజువారీ ఇంగ్లీషులో సింబల్‌కి ఇంకో అర్థం కూడా ఉంది. పులి మన జాతీయ జంతువు, పావురం శాంతికి సింబల్ అంటాం కదా, అక్కడ గుర్తు ఒక వస్తువును కాదు, ఒక భావాన్ని మోస్తుంది. మీ క్లాసులో ఈ రెండు అర్థాలనూ విడిగా చెబితే పిల్లలకు తేలిక.

వేళచ్చేరి క్యాబ్

నాకు ఇంత చదువు లేదు గానీ ఒకటి అడుగుతా. మంచి గుర్తంటే చూడగానే అర్థమవ్వాలి కదా? చెబితే గానీ తెలియకపోతే అది గుర్తు ఎలా అవుతుంది? రోడ్డు మీద బోర్డు చూసి ఆలోచించే టైమ్ ఎవరికుంది?

మెరీనా ఎంఏ

అన్నా, మీరు రోడ్డు బోర్డులే తీసుకోండి. నో పార్కింగ్, నో స్టాపింగ్ బోర్డుల తేడా మీకు తెలుసు. తెలియని వాళ్లకు బోర్డు చూస్తే దానంతటదే తెలుస్తుందా?

వేళచ్చేరి క్యాబ్

నిజమే. రెండూ నీలం మీద ఎర్ర వలయమే. ఒక అడ్డగీత ఉంటే పార్కింగ్ వద్దని, అంటే మనిషిని దించి వెళ్లొచ్చు. రెండు గీతలు ఇంటూ మార్కులా ఉంటే అసలు ఆపకూడదు, దించడానికి కూడా. కొత్తగా బండి ఎక్కిన కుర్రాళ్లు నూటికి తొంభై మంది రెండూ ఒకటే అనుకుంటారు. సరే, ఒప్పుకుంటున్నా, నేర్పాల్సిందే.

పిల్లలకు ఆకారాల సంగతి చెప్పండి మేడమ్. ఎర్ర అంచు త్రికోణం అంటే ముందు ఏదో ఉంది, జాగ్రత్త అని. ఎర్ర అంచు వృత్తం అంటే చేయకూడదు. నిండు నీలం వృత్తం అంటే చేసి తీరాలి, ఎడమకే తిరగాలి లాంటివి. నీలం చతురస్రం, దీర్ఘచతురస్రం అంటే సమాచారం, పెట్రోలు బంకు ఇక్కడుంది, ఆసుపత్రి అక్కడుంది అని. ఈ నాలుగూ తెలిస్తే లోపలి బొమ్మ కొత్తదైనా సగం అర్థమైపోతుంది. స్టాప్ బోర్డు ఒక్కటే ఎనిమిది మూలలది. దారి ఇవ్వండి అనే బోర్డు ఒక్కటే తలకిందుల త్రికోణం. ఆ రెండింటినీ వెనక నుంచి చూసినా, బోర్డు మీద పోస్టరు అంటించినా ఆకారాన్ని బట్టి గుర్తుపట్టొచ్చు.

ఎలక్షన్ డ్యూటీ

ప్రభుత్వ ఉద్యోగంలో ఉండగా చాలా ఎన్నికల్లో పోలింగ్ డ్యూటీ చేశాను. ఈ దేశంలో గుర్తు చేసినంత పని మరేదీ చేయలేదని నా నమ్మకం.

1951 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అక్షరాస్యత 18 శాతం చిల్లర. ఆ జనంతోనే 1951–52లో మొదటి సార్వత్రిక ఎన్నికలు జరిగాయి. బ్యాలెట్ కాగితం మీద అభ్యర్థి పేరు ఉండేది కాదు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, పెట్టె మీద అతని గుర్తు. ఓటరు లోపలికి వెళ్లి తనకు కావాల్సిన గుర్తున్న పెట్టెలో కాగితం వేసి వచ్చేవాడు. కాంగ్రెస్‌కు అప్పుడు కాడి ఎద్దుల జత. హస్తం చాలా తర్వాత వచ్చింది. ఒకే కాగితం మీద పేర్లూ గుర్తులూ వేసి ముద్ర గుద్దే పద్ధతి 1962 నాటికి వచ్చింది. చదువు రాని ముసలమ్మ ఓటుకీ, కలెక్టరు ఓటుకీ ఒకే విలువ అని రాజ్యాంగం చెప్పింది. ఆ మాటను ఆచరణలో పెట్టింది పెట్టె మీద బొమ్మ.

గుర్తుల కేటాయింపునకు 1968లో ఎన్నికల సంఘం ఒక ఉత్తర్వు ఇచ్చింది. గుర్తింపు పొందిన పార్టీలకు రిజర్వు గుర్తులు, మిగతావాళ్లకు ఫ్రీ సింబల్స్. రాష్ట్ర పార్టీ గుర్తు ఆ రాష్ట్రానికే పరిమితం. అందుకే సైకిలు ఆంధ్రలో తెలుగుదేశానిది, ఉత్తరప్రదేశ్‌లో సమాజ్‌వాదీ పార్టీది. ÷ గురించి మాస్టారు చెప్పినట్టే ఇదీను.

పార్టీ చీలితే గుర్తు కోసం ఎంత గొడవ జరుగుతుందో మన చెన్నైకి చెప్పక్కర్లేదు. ఎంజీఆర్ పోయాక 1989 ఎన్నికల్లో అన్నాడీఎంకే గుర్తు రెండాకులు ఎవరికీ ఇవ్వలేదు. జయలలిత వర్గం కోడిపుంజు మీద, జానకి వర్గం జంట పావురాల మీద పోటీ చేశాయి. మళ్లీ కలిశాకే రెండాకులు తిరిగొచ్చాయి. 2017లోనూ అంతే. మార్చిలో గుర్తును స్తంభింపజేశారు. డిసెంబరులో ఆర్కే నగర్ ఉప ఎన్నికలో చీలిక వర్గం నాయకుడు టీటీవీ దినకరన్ స్వతంత్రుడిగా ప్రెషర్ కుక్కర్ గుర్తు మీద నిలబడి గెలిచారు. తండయార్‌పేట, కొరుక్కుపేట వైపు మనవాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. ఆ నెల వాళ్ల వీధుల్లో కుక్కర్ అంటే వంట పాత్ర కాదు.

కొరుక్కుపేట

అవునండీ, ఆ ఎన్నిక నాకు బాగా గుర్తు. మా వీధి గోడల మీదంతా కుక్కర్ బొమ్మే. మా నాయనమ్మకు తమిళం చదవడం రాదు, తెలుగూ రాదు. కానీ మిషను మీద ఏది ఎవరిదో తడుముకోకుండా చెప్పేది.

ఒక ప్రశ్న. నోటాకు కూడా గుర్తుంది కదా, అది ఎప్పుడొచ్చింది?

ఎలక్షన్ డ్యూటీ

నోటా మీట 2013లో వచ్చింది, సుప్రీంకోర్టు తీర్పు తర్వాత. మొదట్లో దానికి బొమ్మ లేదు, అక్షరాలే. గుర్తు 2015లో ఇచ్చారు. బ్యాలెట్ కాగితం బొమ్మ, దాని మీద నల్లటి ఇంటూ గీత, అహ్మదాబాద్‌లోని డిజైన్ సంస్థ ఎన్ఐడీ వాళ్లు తయారుచేశారు. ఆ రెండేళ్లూ చదువు రానివాళ్లకు ఆ మీట ఉన్నా లేనట్టే. టీచరమ్మా, 'తెలియకపోతే ఏం నష్టం' అని అడిగారు కదా, ఇది రాసుకోండి.

ఇంకోటి. ఎన్నికల సంఘం ఇప్పుడు కొత్తగా జంతువుల బొమ్మలు ఇవ్వడం లేదు. ప్రచారంలో నిజం జంతువుల్ని ఊరేగించి హింసిస్తున్నారని జంతు ప్రేమికులు అభ్యంతరం చెప్పడంతో ఆపేశారు. ఏనుగులాంటి పాతవి మాత్రం ఉన్నాయి.

షావుకారుపేట కొట్టు

మాది కిరాణా హోల్‌సేల్. నా కొట్లో ప్రతి ప్యాకెట్ మీదా గుర్తులే.

ఆకుపచ్చ చతురస్రంలో ఆకుపచ్చ చుక్క శాకాహారం. మాంసాహారానికి ఇదివరకు గోధుమరంగు చుక్కే ఉండేది. 2020లో వచ్చిన లేబులింగ్ నిబంధనలతో అది గోధుమరంగు త్రికోణమైంది. ఎందుకంటే ఎరుపు, ఆకుపచ్చ తేడా కనిపించని కళ్లున్న మనుషులు మనలో ఉన్నారు. వాళ్లకు ఆ రెండు చుక్కలూ ఒకటే. రంగు మీద మాత్రమే ఆధారపడే గుర్తు కొందరికి అసలు గుర్తే కాదు. ఆకారం మార్చగానే సమస్య తీరింది. ఇంత చిన్న మార్పు, ఇంత మేలు!

గుడ్డు ఉంటే మాంసాహారం కిందికే వస్తుంది. పాలు, తేనె రావు. కేకు కొనేటప్పుడు చాలామంది అడుగుతారు, ఆ గుర్తు చూసుకుంటే చాలు. నూనె, పాలు, ఉప్పు, పిండి మీద నీలంలో ప్లస్ ఎఫ్ అని కనిపిస్తే విటమిన్లో ఇనుమో అయోడినో కలిపారని. చతురస్రంలో నల్లటి ఇంటూ గీత ఉంటే అది మనుషులు తినేది కాదు. పూజకని అమ్మే నూనెల మీద, నెయ్యి మీద ఇది చూడండి. దీపానికని కొన్న సీసా పొరపాటున వంటింట్లోకి వెళ్లకూడదు. ఈ ఒక్కటీ ప్రతి పిల్లకూ, ప్రతి అమ్మకూ తెలియాలి. కొట్టుకొచ్చే వాళ్లందరికీ నేను చూపిస్తూనే ఉంటాను.

టి.నగర్ నగలు

కొట్టువారు బాగా చెప్పారు. నేను నగల షాపులో కౌంటర్ మీద ఉంటాను. హాల్‌మార్క్ గురించి అడిగేవాళ్లు తక్కువ, అడిగినా '916 ఉందా' అని మాత్రం అడుగుతారు. 916 అంటే వెయ్యి భాగాల్లో 916 భాగాలు బంగారం, అంటే 22 క్యారెట్లు. కానీ 916 అని ఎవరైనా చెక్కొచ్చు. 2021 జులై నుంచి ముద్రలో మూడు ఉండాలి. ప్రభుత్వ ప్రమాణాల సంస్థ బీఐఎస్ త్రికోణం, స్వచ్ఛత అంకె, ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన హెచ్‌యూఐడీ నంబరు. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ నంబరు లేకుండా హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే నగ ఏ రకం, ఎంత స్వచ్ఛత, ఎక్కడ పరీక్షించారు అన్నీ వస్తాయి.

గాజు లోపలి వైపు, ఉంగరం లోపల, గొలుసు కొక్కెం దగ్గర చూడండి. కంటికి ఆనదు. భూతద్దం అడగండి, ప్రతి షాపులో ఉండాలి. అడగడానికి మొహమాటపడేవాళ్లని రోజూ చూస్తాను. మీ డబ్బు, మీ హక్కు. మొహమాటం వద్దు.

అచ్చుపని

రాయపేటలో డీటీపీ చేస్తాను, తెలుగూ తమిళమూ రెండూ. రూపాయి గుర్తు గురించి ఎవరూ ఎత్తలేదే!

₹ ను కేంద్ర కేబినెట్ 2010 జులై 15న ఆమోదించింది. గీసింది డి. ఉదయకుమార్, తమిళనాడువాడు, మన అన్నా యూనివర్సిటీలో ఆర్కిటెక్చర్ చదివి తర్వాత ఐఐటీ బొంబాయికి వెళ్లాడు. దేవనాగరి ర, నిలువు గీత తీసేసిన రోమన్ ఆర్, రెండూ అందులో ఉన్నాయి. అదే ఏడాది అక్టోబరులో, కంప్యూటర్లన్నిటికీ ఉమ్మడి అక్షరాల పట్టిక అయిన యూనికోడ్‌లోకి వచ్చింది. అయినా చాలాకాలం మాకు నరకమే. కస్టమరు ఫైల్లో ఉన్న గుర్తు మా మిషను మీద ఖాళీ డబ్బాగా వచ్చేది, ఫాంటులో లేక. శుభలేఖల మీద, బిల్లు పుస్తకాల మీద రూ. అనే వేసేవాళ్లం. తమిళానికి విడిగా ఒక రూపాయి గుర్తు యూనికోడ్‌లో ఎప్పటినుంచో ఉంది. 2025 మార్చిలో తమిళనాడు బడ్జెట్ లోగోలో ₹ బదులు తమిళ 'రూ' అక్షరం వేసినప్పుడు దేశమంతా మాట్లాడుకుంది. ఆ రాజకీయాల జోలికి నేను వెళ్లను. ఒక్క అక్షరం అంత కదిలించగలదన్నది మాత్రం పిల్లలకు చెప్పాల్సిన సంగతే.

అసలు నేను చెప్పాలనుకున్నది వేరే. తెలుగుకు సొంత భిన్నాల గుర్తులున్నాయని మీలో ఎంతమందికి తెలుసు? పాత లెక్కల కాగితాల్లో పావులకు నిలువు గీతలు, వీసాలకు అడ్డ గీతలు. ౹ పావు, ౺ అర, ౻ ముప్పావు. ౼ వీసం అంటే పదహారో వంతు, ౽ రెండు వీసాలు అంటే పరక, ౾ మూడు వీసాలు. గింజలు కొలిచే తూముకు ౿ అని వేరే గుర్తు. ఇవన్నీ 2008లో యూనికోడ్‌లో చేర్చారు. మీ ఫోన్లో ఇవి కనిపించకపోతే ఫాంటు పాతది.

లెక్కల మాస్టారు

అబ్బ, ఎంత మంచి సంగతి చెప్పారయ్యా! నాలుగో వంతు, అందులో నాలుగో వంతు. నాలుగు నాలుగుగా విడగొట్టుకుంటూ పోయే లెక్క అది. దశాంశాలు రాకముందు మన బజారు లెక్కంతా దాని మీదే నడిచింది. రూపాయికి పదహారణాలు కూడా అందులోదే. పిల్లల చేత ఆ గీతలతో ఒక కూడిక చేయించండి టీచరుగారూ. ౹ కి ౺ కలిపితే ౻, అంటే పావూ అరా ముప్పావు. గీతలు లెక్కపెట్టుకుంటే సరిపోతుంది, ఇంగ్లీషు భిన్నం కన్నా తేలిక.

పెరంబూర్ టీచరమ్మ

ఇది నాకు అసలు తెలియదు. చాలా సంతోషంగా ఉంది. తెలుగు చదవడం రాని పిల్లలు కూడా ఈ గీతలు మొదటిరోజే చదివేస్తారు. క్లాసు దీనితోనే మొదలుపెడతాను.

కెమిస్ట్రీ సంగతి ఎవరైనా చెప్పగలరా? సోడియానికి ఎస్ఓ అని ఎందుకు లేదని పిల్లలు ప్రతిసారీ అడుగుతారు.

కీల్పాక్ నర్సు

నేను చెబుతానండీ, నర్సింగ్‌లో చదివాం. స్వీడన్ శాస్త్రవేత్త బెర్జీలియస్ 1813–14లో మూలకాలకు లాటిన్ పేర్ల మొదటి అక్షరాలు వాడాలని చెప్పాడు. సోడియం లాటిన్ పేరు నేట్రియం, పొటాషియం కేలియం, ఇనుము ఫెర్రం, బంగారం ఆరం. అంతకుముందు డాల్టన్ వృత్తాల్లో చుక్కలూ గీతలూ వేసి ఒక్కో మూలకానికి ఒక్కో బొమ్మ పెట్టాడు. అవి గుర్తుపెట్టుకోవడం కష్టం, అచ్చు వేయడం ఇంకా కష్టం. అక్షరాలైతే ఏ ప్రెస్సులోనైనా ఉంటాయి. మా వార్డులో రక్తపరీక్ష రిపోర్టులో ఆ అక్షరాలే వస్తాయి. వాంతులు, విరేచనాలతో వచ్చిన పెద్దవాళ్లకు డాక్టరుగారు ముందు చూసేది ఆ రెండు అంకెలే, సోడియం, పొటాషియం.

ఇంకో సంగతి నా మనసులో చాలా రోజులుగా ఉంది. తెల్లటి దాని మీద ఎర్ర ప్లస్ అంటే ఆసుపత్రి అని అందరూ అనుకుంటారు. అది ఆసుపత్రి గుర్తు కాదు. 1864 జెనీవా ఒప్పందంతో వచ్చింది. యుద్ధంలో గాయపడినవాళ్లకు సాయం చేసేవాళ్ల మీద తుపాకీ పేల్చకూడదని చెప్పే గుర్తు. స్విట్జర్లాండ్ జెండా రంగులు తిరగేస్తే అదే. మన దేశంలో 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం ప్రకారం సైన్యం వైద్య విభాగం, రెడ్‌క్రాస్ తప్ప మిగతావాళ్లు వాడటం నేరం. మందుల షాపులు, డాక్టర్ల కార్లు, అంబులెన్సులు అన్నీ వాడేస్తున్నాయి. అందరూ వాడితే యుద్ధరంగంలో దాని మాట ఎవరు వింటారు? దయచేసి పిల్లలకు చెప్పండి. వాళ్ల నాటకాల్లో డాక్టరు టోపీ మీద కూడా ఎర్ర ప్లస్ వేయించకండి.

వార్డులో పసుపు సంచి మీద మూడు కొడవళ్లు కలిసినట్టుండే గుర్తు బయోహజార్డ్, అంటే రోగాలు అంటుకునే ప్రమాదం ఉందని. 1966లో అమెరికాలో డౌ కంపెనీ ఇంజినీర్లు తయారుచేశారు. జనానికి అంతకుముందు ఏ అర్థమూ తట్టని ఆకారం, కానీ మర్చిపోలేని ఆకారం, అలాంటిది కావాలని ఎన్నో బొమ్మలు చూపించి మరీ ఎంచారు.

వేళచ్చేరి క్యాబ్

ఏ అర్థమూ లేనిదే కావాలని ఎంచారా! మెరీనాగారూ, మీరు గెలిచారు.

తిరువల్లిక్కేణి

మా వీధి సంగతి కూడా ఒక ముక్క. పార్థసారథి గుడి దగ్గర పెరిగిన పిల్లలకు నామం చూడగానే మనిషి వైష్ణవుల్లోని రెండు శాఖల్లో ఏ శాఖవాడో తెలుస్తుంది. అడుగున ముక్కు మీదికి పాదం దిగితే తెన్‌కలై, పాదం లేకుండా గుండ్రంగా ఉంటే వడకలై. కంచిలో ఏనుగు నుదుట ఏ నామం పెట్టాలన్న దాని మీద తరాలుగా తగువు. బయటివాళ్లకు రెండూ నామాలే.

అంబత్తూర్ గార్మెంట్స్

బట్టల లేబుల్ గుర్తులు త్వరగా చెప్పేస్తా. తొట్టి అంటే ఉతకడం, లోపలి అంకె నీటి వేడి. త్రికోణం బ్లీచ్. చతురస్రం ఆరబెట్టడం. వృత్తం డ్రై క్లీనింగ్. ఇస్త్రీపెట్టెలో ఒక చుక్క 110 డిగ్రీలు, రెండు 150, మూడు 200. దేని మీదైనా ఇంటూ ఉంటే వద్దని. పిల్లల్ని వాళ్ల యూనిఫాం కాలర్ వెనక చూడమనండి.

రేవు మనిషి

రాయపురం నుంచి. హార్బరులో సిగ్నల్ పనిచేసి రిటైరయ్యాను. మీరంతా మాట్లాడుకుంటున్నవి తెలియకపోతే డబ్బో సమయమో పోతుంది. మా గుర్తు తెలియకపోతే ప్రాణమే పోతుంది.

తుఫాను వస్తుందంటే టీవీలో 'రేవులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారు' అంటారు. తమిళంలో కూండు అంటారు, పంజరం అని. రేవులో పొడవాటి స్తంభానికి పగలు నల్లటి శంకువులూ స్తూపాలూ కడతాం. రాత్రయితే ఎర్ర, తెల్ల దీపాలు. ఏ వరసలో కడితే ఏ నంబరు అన్నది దేశంలోని రేవులన్నిటికీ ఒకటే. రేడియోలు రాకముందు నుంచీ ఉన్న పద్ధతి ఇది. వాతావరణ శాఖ చెబితే మేం ఎక్కిస్తాం.

ఒకటి, రెండు దూరంగా సముద్రంలో ఉన్న వాటి గురించి. రేవుకు అప్పటికి భయం లేదు, కానీ ఇక్కడి నుంచి బయల్దేరే ఓడలకు ఉంది. మూడు, నాలుగు రేవుకే గాలి తాకొచ్చని. అయిదు నుంచి పది దాకా నిజమైన ప్రమాదం.

కొరుక్కుపేట

అయ్యా, అయితే పది ఎగరేస్తే ఎనిమిది కన్నా పెద్ద తుఫానా? మా ఇంట్లో నంబరు పెరిగేకొద్దీ టెన్షన్ పడతాం.

రేవు మనిషి

కాదమ్మా, అందరూ అలాగే అనుకుంటారు. అందుకే వివరంగా చెబుతాను.

అయిదు, ఆరు, ఏడు ఒక గుంపు. తుఫాను బలం ఒకటే, దారి వేరు. అయిదంటే రేవును తన ఎడమవైపు ఉంచి తుఫాను తీరం దాటుతుంది. ఆరంటే రేవు దానికి కుడివైపు ఉంటుంది. ఏడంటే రేవు మీదుగానో, బాగా దగ్గరగానో దాటుతుంది. ఎనిమిది, తొమ్మిది, పది కూడా ఇదే వరస, కాకపోతే అవి తీవ్ర తుఫాన్లకు. అంటే ఎనిమిదీ పదీ బలంలో ఒకటే, పదిలో అది మన నెత్తి మీదుగా వెళ్తుంది.

ఎడమా కుడీ ఎందుకంటారా? మన వైపు తుఫాను గాలి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. తూర్పు నుంచి వచ్చి తీరం దాటేటప్పుడు దానికి కుడివైపు, అంటే ఉత్తరాన ఉన్న ఊళ్లకు గాలి సముద్రం మీంచి నేలవైపు నెడుతుంది. ఉప్పెన అటే ఎక్కువ. ఎడమవైపు గాలి నేల మీంచి సముద్రంలోకి పోతుంది. అందుకని ఓడ కట్టినవాడికి, పడవ లాగినవాడికి ఏ వైపన్నది ముందు తెలియాలి. లంగరు ఎటు వేయాలి, తాళ్లు ఎటు బిగించాలి అన్నీ దాన్ని బట్టే.

పదకొండు అంటే ఇంకా పెద్ద తుఫాను కాదు. హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, వాతావరణం ప్రమాదంగా ఉందని అక్కడి అధికారి తనే అనుకుంటున్నాడు, అని అర్థం.

2016 డిసెంబరు 12న వర్దా మన ఊరి మీదే దాటింది. 2023లో మిచౌంగ్ డిసెంబరు 5న బాపట్ల దగ్గర దాటింది, కానీ మునిగింది చెన్నై. చూశారుగా, రేవు గుర్తు గాలికీ కెరటానికీ సంబంధించింది. వాన నీళ్ల సంగతి అది చెప్పదు. నంబరు తగ్గించారని వేళచ్చేరిలో కారు బేస్‌మెంట్‌లో పెట్టకూడదు. ఆ రెండు హెచ్చరికలూ వేరువేరుగా వినాలి.

మెరీనా ఎంఏ

రేవు పెద్దాయనా, ఇది మా డిపార్ట్‌మెంట్‌లో చెప్పాల్సిన పాఠం. రాత్రి దీపాల వరసా, పగటి శంకువుల వరసా వేరైనా నంబరు ఒకటే అన్నారు కదా, ఆ పట్టిక ఎక్కడ దొరుకుతుంది?

రేవు మనిషి

వాతావరణ శాఖ వెబ్‌సైట్లో తుఫాను హెచ్చరికల విభాగంలో చూడండి. దొరక్కపోతే నేను చేత్తో గీసి పంపిస్తాను. పిల్లలకైతే పగటివి చాలు, నల్ల కాగితం కత్తిరించి దారానికి కట్టించండి.

పెరంబూర్ టీచరమ్మ

గీసి పంపండి అయ్యా, మీ చేతిరాతే కావాలి. అచ్చుపనిగారూ, ఇవన్నీ కలిపి ముప్పై కాపీలు తీయాలంటే ఎలా? రంగుల్లో తీస్తే ఖర్చెక్కువ కదా?

అచ్చుపని

అన్నీ రంగుల్లో అక్కర్లేదమ్మా. భిన్నాల గీతలు, లెక్కల గుర్తులు, బట్టల లేబుళ్లు, రేవు సిగ్నళ్లు నలుపు తెలుపులో సరిపోతాయి. వెజ్, నాన్‌వెజ్ కూడా పర్వాలేదు, ఒకటి చుక్క, ఒకటి త్రికోణం కాబట్టి జిరాక్స్‌లో కూడా తెలుస్తాయి. రోడ్డు బోర్డుల పేజీ మాత్రం తప్పకుండా కలర్‌లో తీయించాలి. నీలం వృత్తం, ఎర్ర అంచు వృత్తం జిరాక్స్‌లో ఒకేలా కనిపించొచ్చు, పిల్లలు తప్పు నేర్చుకుంటారు. ఆ ఒక్క పేజీ కలర్ నా తరఫున. భిన్నాల పేజీకి ఫాంటు సమస్య వస్తుంది కాబట్టి ఆ గీతలు నేనే కూర్చి పీడీఎఫ్ పంపిస్తాను. మిగతా మ్యాటరు శుక్రవారం లోపు పంపండి.